అమ్మడానికి ముందు ఇరవై ఒక్క ప్రశ్నలు

షేర్లు కొన్న సామాన్యులు ఎందుకు నష్టపోతున్నారో కనిపెట్టడానికి మదుపరుల అవగాహన మండలి ఒక సర్వే జరిపించింది. పద్దెనిమిది నెలల పాటు పదకొండు జిల్లాలు తిరిగి మూడు వందల పేజీల నివేదిక తయారుచేశారు. అందులో తేలిన ముఖ్య విషయం ఇది: నష్టపోయిన ప్రతి వంద మందిలో తొంభై ఏడుగురు షేర్లు అమ్మిన రోజునే నష్టపోయారు. అమ్మనివాళ్లకు నష్టమన్నదే రాలేదు. వాళ్ల షేర్ల ధర తగ్గిందంతే. మిగిలిన ముగ్గురూ సర్వేవాళ్లకు తలుపు తీయలేదు.

నష్టానికి మూలం అమ్మకమేనని రుజువయ్యాక మండలి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అమ్మకాన్ని నిషేధిస్తే కోర్టులు ఒప్పుకోవు కాబట్టి, అమ్మేవాడికి ముందుగా అవగాహన కల్పించాలని తీర్మానించింది. అదృష్టవశాత్తు ‘మదుపరులు తరచుగా అడిగే ప్రశ్నలు’ అనే రంగుల పుస్తకం నలభై వేల ప్రతులు గోడౌన్లో ఉన్నాయి. అందులో ఇరవై ఒక్క ప్రశ్నలు, వాటి కింద జవాబులు. తరచుగా అడిగే ప్రశ్నలని అట్ట మీద వేశారు గానీ, అప్పటిదాకా వాటిని ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు. జూన్ ఒకటో తేదీ నుంచి అడగడం తప్పనిసరి అయింది. షేర్లు అమ్మదలచినవారు మండలి కార్యాలయానికి స్వయంగా వచ్చి, ఇరవై ఒక్క ప్రశ్నలూ వరుసగా, పనిదినానికి ఒకటి చొప్పున అడిగి, జవాబు విని, సంతకం పెట్టి, అవగాహన పత్రం పొందాలి. ఆ తర్వాతే అమ్ముకోవచ్చు.

కొనడానికి మాత్రం ఏ ప్రశ్నా అక్కర్లేదు. కొనుగోలు ఉత్సాహానికి సంబంధించిన విషయం, ఉత్సాహాన్ని ప్రశ్నలతో చల్లార్చరాదని మండలి వివరణ ఇచ్చింది.

కాకినాడలో మండలి ప్రాంతీయ కార్యాలయం భానుగుడి దగ్గర ఒక మిఠాయి కొట్టు మీద ఉంది. దానికి సంచాలకులు వేగేశ్న అనంతపద్మరాజు గారు. నిజాయితీపరుడు. ఆఫీసు పెన్నుతో సొంత ఉత్తరం రాయని మనిషి. కౌంటర్లో కూర్చునేది షేక్ మొహిద్దీన్, కాంట్రాక్టు ఉద్యోగి. మొదటి రెండు వారాలూ ఆ కౌంటర్ ముందుకు ఎవరూ రాలేదు. మూడో వారంలో అనుసూరి కాంతిమతి గారు వచ్చారు.

కాంతిమతి గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయి ఆరేళ్లయింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో సగం పెట్టి స్వర్ణమీనం ఫీడ్స్ అనే కంపెనీవి రెండు వేల షేర్లు కొన్నారు. సామర్లకోట రోడ్డులో రొయ్యల మేత తయారుచేసే కంపెనీ అది. కళ్లెదురుగా ఉంది, లారీలు వస్తూ పోతూ ఉన్నాయి, ఏటా ఎంతో కొంత డివిడెండు వేస్తోంది. తొమ్మిదేళ్లలో ధర మూడింతలయి రెండు వందల పన్నెండుకు చేరింది. గాంధీనగర్లో రెండు గదుల ఫ్లాటుకు ఆవిడ అడ్వాన్సు ఇచ్చారు. మిగతాది శ్రావణమాసంలో రిజిస్ట్రేషన్ నాటికి కట్టాలి. ఈ షేర్లు అమ్మితే చాలు, సరిపోతుంది.

జూన్ రెండో వారంలో ఆవిడ బస్సులో సామర్లకోట వెళ్తూ ఒక సంగతి గమనించారు. ఫ్యాక్టరీ దగ్గరికి రాగానే బస్సంతా ముక్కు మూసుకునే చేపపొడి వాసన ఆ రోజు లేదు. తిరిగి వచ్చేటప్పుడూ లేదు. ఇంటికొచ్చి కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశారు. మోగింది. మర్నాడు మళ్లీ చేశారు, మోగింది. మూడోనాడు ఆ నంబరు తాత్కాలికంగా పనిచేయడం లేదని వచ్చింది. ముప్ఫై మూడేళ్లు చెవికి ఫోను తగిలించుకుని బతికిన మనిషికి, అవతల మనిషి లేని లైను ఎలా ఉంటుందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. వెంటనే సెల్ ఫోన్ తీసి అమ్మకం బొత్తాం నొక్కారు. ‘మీరింకా అవగాహన లేని మదుపరి’ అని ఎర్ర అక్షరాలతో వచ్చింది.

“బాబూ, నాదొకటే ప్రశ్న,” అన్నారు మొహిద్దీన్‌తో. “ఫ్యాక్టరీ నడవట్లేదు. ఫోన్ ఎత్తేవాడు లేడు. నా డబ్బులో ముప్పాతిక వంతు అందులోనే ఉంది. అమ్మేయాలి. ఎలాగ?”

మొహిద్దీన్ పుస్తకం తిరగేసి దిగులుగా తల అడ్డంగా ఊపాడు. “ఈ ప్రశ్న ఇందులో లేదండీ మేడమ్ గారూ. మీరు ‘వాటా అనగానేమి?’ అని అడగాలండి ముందు.”

“వాటా అంటే ఏంటో నాకు తెలుసయ్యా. తొమ్మిదేళ్లబట్టీ ఉన్నాయి నా దగ్గర.”

“తెలిసినా అడగాలండి. మీరు అడక్కపోతే నేను చెప్పకూడదు. నేను చెప్పకపోతే మీరు విననట్టండి.”

కాంతిమతి గారు కాసేపు అతని మొహంలోకి చూశారు. నవ్వులాటకు అంటున్నట్టు లేదు. “సరే. వాటా అనగానేమి?” అని అడిగారు.

మొహిద్దీన్ లేచి నిలబడి పేజీన్నర చదివాడు. సంతకం పెట్టించుకున్నాడు. రెండో ప్రశ్న రేపు.

ఆవిడ రోజూ వెళ్లారు. రెండో రోజు మార్కెట్ అనగానేమో అడిగారు, మూడో రోజు బ్రోకరు అనగా ఎవరో అడిగారు. ఏడో రోజున ప్రశ్న ఇలా ఉంది: ‘మొత్తం సొమ్మును ఒకే కంపెనీలో ఉంచవచ్చునా?’ జవాబు: ‘ఉంచరాదు. అట్లు ఉంచినచో తక్షణమే తగ్గించుకొనవలెను.’

కాంతిమతి గారు పుస్తకం మీద వేలు పెట్టారు. “తక్షణమే అని రాశారు కదయ్యా మీరే. మరి తగ్గించుకోనివ్వండి.”

ఈ మాటకు జవాబు చెప్పడం మొహిద్దీన్ స్థాయిలో లేదు. ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లాడు. అనంతపద్మరాజు గారు కుర్చీ చూపించి, అంతా విని, సంతోషించారు.

“చూశారా! వారం క్రితం మీకు ఈ స్పృహ లేదు. ఇప్పుడు కలిగింది. ఇదే మా కార్యక్రమ సాఫల్యం.”

“స్పృహ ముందే ఉందండీ. అమ్ముకునే వీలే లేదు.”

“తక్షణమే అనగా అవగాహన పత్రం పొందిన తక్షణమే అని అన్వయించుకోవలెను. ఇంకా పద్నాలుగు ప్రశ్నలున్నాయి. ఏడు ప్రశ్నల అవగాహనతో అమ్మడం, మూడో వంతు వంతెన మీద ప్రయాణించడం వంటిది.”

“వంతెన సంగతి తర్వాతండీ. ఇవాళ నూట డెబ్భై ఆరుకొచ్చింది.”

“ధర గురించి మాట్లాడకండి. అది పన్నెండో ప్రశ్న పరిధిలోకి వస్తుంది.”

పన్నెండో ప్రశ్న ‘ధర పడిపోయినప్పుడు కంగారు పడవచ్చునా?’ అన్నది. పడరాదని జవాబు. అయితే మదుపరి పడడం లేదని రుజువేమిటి? దీనికి మండలి చక్కటి ఏర్పాటు చేసింది. పక్క గదిలో బీపీ మిషను పెట్టి ఒక నర్సమ్మను కూర్చోబెట్టింది. పై అంకె నూట ముప్ఫై దాటితే ఆ మదుపరి కంగారులో ఉన్నట్టు లెక్క. మర్నాడు మళ్లీ రావాలి. మొదటిరోజు కాంతిమతి గారికి నూట నలభై ఆరు వచ్చింది. పన్నెండో ప్రశ్న వాయిదా పడింది. ఆ సాయంత్రానికి షేరు ఇంకో తొమ్మిది రూపాయలు పడింది. అది తెలిసి మర్నాడు నూట యాభై రెండు వచ్చింది.

“మీరిలా రోజూ గొడ్డు కారం తిన్నోళ్లలా ఊగిపోతా వస్తే నేను కంగారనే రాయాల్సొస్తందండి,” అంది నర్సమ్మ జాలిగా. “ఫోన్ చూడకుండా రండి రేపు.”

నాలుగో రోజు ఆవిడ ఫోన్ ఇంట్లోనే వదిలి, మెట్ల మీద పావుగంట కూర్చుని, కళ్లు మూసుకుని వచ్చారు. నూట ఇరవై ఎనిమిది. సంతకం పెట్టారు. ఆ రోజు షేరు నూట ముప్ఫై ఒకటి.

పదహారో ప్రశ్న దగ్గర కథ ఇంకా ముదిరింది. ‘షేర్లను ఎంత తరచుగా పరిశీలించుకొనవలెను?’ అని ప్రశ్న. ‘ఆరు నెలలకొకసారి. అంతకు మించిన పరిశీలన ఆరోగ్యకరము కాదు’ అని జవాబు. అది విని సంతకం పెట్టి ఆవిడ లేవబోతుండగా లోపలి నుంచి పిలుపు వచ్చింది. అనంతపద్మరాజు గారి ముందు సందర్శకుల రిజిస్టరు తెరిచి ఉంది.

“అమ్మా, వచ్చిన పని అన్న గడిలో మీరు ‘స్వర్ణమీనం షేర్ల గురించి’ అని ఇప్పటికి పందొమ్మిది పర్యాయములు రాశారు. నెలలోపు పందొమ్మిది! ఇది అతి పరిశీలన కిందికి వస్తుంది.”

“మీరు రోజూ రమ్మన్నారు కాబట్టి వచ్చానండీ!”

“రమ్మనడం నిబంధన. వచ్చి ఆ షేర్ల గురించే ఆలోచించడం మీ స్వేచ్ఛ.” ఆయన ఒక కాగితం ముందుకు తోశారు. “పద్నాలుగు రోజులు విరామం. ఈ లోగా షేర్ల గురించి తలచుకోనని హామీ పత్రం.”

కాంతిమతి గారికి ఆ క్షణాన ఏమనిపించిందో చెప్పాలంటే, ఆ బల్ల మీదున్న పేపర్ వెయిట్ ఎంత బరువుంటుందో ఒకసారి అంచనా వేశారు. తర్వాత సంతకం పెట్టారు. పెట్టకపోతే మొదటి ప్రశ్న నుంచి మళ్లీ మొదలవుతుందని మొహిద్దీన్ వెనక నుంచి సైగ చేశాడు.

విరామం ముగిసేసరికి షేరు డెబ్భై నాలుగు. శ్రావణమాసం వచ్చింది. బిల్డరు రెండుసార్లు ఫోన్ చేసి, మూడోసారి ఫ్లాటు ఇంకొకరికి ఇచ్చేశాడు. అడ్వాన్సులో సగం తిరిగి ఇచ్చాడు, అదే గొప్ప అన్నట్టు. ఆ సాయంత్రం ఆవిడ గాంధీనగర్ వెళ్లి ఎదురు అరుగు మీద కాసేపు నిలబడ్డారు. వంటింటి కిటికీకి అప్పుడే ఎవరో పచ్చ పరదా కట్టారు. ఆవిడ అయితే తెల్లది కడదామనుకున్నారు. ఆటో ఎక్కకుండా నడిచే ఇంటికి వచ్చారు. మర్నాడు పదిహేడో ప్రశ్న అడిగారు.

ఇరవై ఒకటో ప్రశ్న చేరేసరికి ఆగస్టు రెండో వారం. ‘ఎప్పుడు అమ్మవలెను?’ అన్నది ఆ ప్రశ్న. కాంతిమతి గారు దాన్ని గట్టిగా, స్పష్టంగా అడిగారు. మొహిద్దీన్ లేచి నిలబడ్డాడు గానీ చదవలేదు. పుస్తకంలో ఆ ప్రశ్న కింద ‘జవాబు పరిశీలనలో ఉన్నది’ అని ఉంది. దాని కోసం ఏడుగురు నిపుణుల సంఘం అరకులో నాలుగో విడత సమావేశమై ఉంది. తొమ్మిది రోజుల తర్వాత జవాబు సీలు వేసిన కవరులో వచ్చింది. సంచాలకుల వారే స్వయంగా చదివారు.

“‘అది మదుపరి స్వయముగా నిర్ణయించుకొనవలసిన విషయము. సందేహమున్నచో అవగాహన మండలిని సంప్రదించవచ్చును.’”

“సంప్రదిస్తున్నానండీ,” అన్నారు కాంతిమతి గారు. “చెప్పండి.”

“మండలి సలహా ఇవ్వదమ్మా. అవగాహన మాత్రమే కల్పిస్తుంది.”

“అంటే, నేను నిర్ణయించుకోవాల్సిందేనన్న మాట.”

“అద్భుతం!” అని ఆయన ఆవిడకు చేయెత్తి నమస్కరించారు. “మీకు సంపూర్ణ అవగాహన కలిగింది.”

ఆ త్రైమాసికానికి కాకినాడ కార్యాలయం ఇవ్వవలసిన అవగాహన పత్రాల లక్ష్యం రెండు వందలు. ఇచ్చింది ఒకటి. ఒకటి అని పైకి రాయడం బాగుండదు కనుక, పాత తేదీలు వేసి మొహిద్దీన్‌కు కూడా ఒకటి ఇప్పించారు. లక్ష్యం కోసం నిబంధన వంగినప్పుడు దాన్ని సడలింపు అనరు, సర్దుబాటు అంటారు. దాంతో నివేదికలో నూరు శాతం పెరుగుదల నమోదయింది. ఇద్దరికీ ఒక కల్యాణ మండపంలో సన్మానం ఏర్పాటు చేశారు. వేదిక మీద కాంతిమతి గారి భుజాన శాలువా కప్పి, అట్ట మీద అంటించిన అవగాహన పత్రం చేతికిచ్చి, సంచాలకుల వారు ప్రసంగం మొదలుపెట్టారు. సహనంతో మదుపు చేయడం గురించి ఆయన మాట్లాడుతుండగా ఆవిడ శాలువా మాటున ఫోన్ తీసి, పత్రం నంబరు కొట్టి, రెండు వేల షేర్లూ నలభై ఒక్క రూపాయికి అమ్మేశారు. చప్పట్లు మోగాయి. అవి ప్రసంగానికి.

ఇది జరిగిన మూడో రోజు మధ్యాహ్నం అనంతపద్మరాజు గారు మొహిద్దీన్ స్కూటర్ మీద ఆవిడ ఇంటికి వచ్చారు. మనిషి కాస్త వాడిపోయి ఉన్నారు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకున్నారు. మొహిద్దీన్ గుమ్మం బయట అరుగు మీద నిలబడ్డాడు.

సంగతి ఇది. కార్యాలయ సిబ్బంది సంక్షేమ నిధి మొత్తాన్ని రెండేళ్ల క్రితం ఆయనే స్వర్ణమీనంలో పెట్టించారు. స్థానిక పరిశ్రమను ప్రోత్సహించాలన్న ఉద్దేశంతో. అందులో ఆయన రిటైర్మెంటుకని దాచుకున్న సొమ్ము కూడా ఉంది. ఇప్పుడు అమ్మాలంటే నిధి ధర్మకర్తగా ఆయనకు అవగాహన పత్రం కావాలి. ఆయనకు లేదు. జవాబులు చెప్పే అధికారులకు ప్రశ్నలు అడగడం నుంచి మినహాయింపు ఇచ్చారు గనుక, పత్రం పొందే అవకాశమూ పోయింది. మొహిద్దీన్‌ను అడుగుదామంటే, పై అధికారి కింది ఉద్యోగిని ప్రశ్న అడిగితే అది మెమో అవుతుంది. పత్రం ఉన్న బయటి మదుపరి జిల్లా మొత్తం మీద ఒక్క కాంతిమతి గారే.

“కావున నేను అడుగుతాను, మీరు పుస్తకం చూసి జవాబు చెప్పి సంతకం చేయాలి,” అన్నారాయన.

కాంతిమతి గారు వెంటనే కళ్లజోడు తెచ్చుకున్నారు. ఆయన మీద ఆవిడకు ఉన్న కోపం ఆ గదిలో పట్టేది కాదు. కానీ నిధిలో ఉన్న సొమ్ము ఆయన ఒక్కరిదే కాదు, బీపీ చూసిన నర్సమ్మది కూడా ఉందని ఆవిడకు తెలుసు.

“ఇరవై ఒక్కటీ ఇప్పుడే కానిచ్చేద్దాం. తేదీలు మీ ఇష్టమొచ్చినవి వేసుకోండి, నేను సంతకాలు పెట్టేస్తాను. ముప్ఫై ఆరుంది. ఇవాళే అమ్మేయండి రాజు గారూ. రేపటిదాకా ఆగొద్దు. ఆ కంపెనీలో మనిషన్నవాడు లేడు.”

సంచాలకుల వారు లేచి నిలబడ్డారు. “ఒక్క రోజులో ఇరవై ఒక్క ప్రశ్నలా! స్వప్రయోజనం కోసం నిబంధన సడలించమంటారా? ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నేనా పని చేయలేదు.” తిరిగి కూర్చున్నారు. చేతులు కట్టుకున్నారు. “వాటా అనగానేమి?”

ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు. తర్వాత పుస్తకం తెరిచి చదివారు. బయట మొహిద్దీన్ గోడకు తిరిగి ఫోన్‌లో ఏదో నొక్కుతున్నట్టు కిటికీలోంచి కనిపించింది.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం అయిదింటికి ఆయన వచ్చేవారు. ఆరో ప్రశ్న అయిన మర్నాడు పొద్దున్నే స్వర్ణమీనం ఫీడ్స్ షేర్ల క్రయవిక్రయాలు నిలిపివేశారు. యజమానులు ఎక్కడున్నారో తెలియదని పేపర్లో వచ్చింది. ఆ రోజు ధర పదకొండు రూపాయలు. అది కూడా కొనేవాళ్లు లేని ధర.

తర్వాతి వారంలో కాంతిమతి గారికి రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. లైసెన్సు లేకుండా షేర్లు అమ్మమని సలహా ఇచ్చినందుకు ఆవిడ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పాలని. అనంతపద్మరాజు గారు తన పర్యటన డైరీలో ఆవిడ అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసి పైకి పంపారు. కక్షతో కాదు, డైరీలో అబద్ధం రాయని మనిషి గనుక.

విచారణకు పై కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చాడు. మొహిద్దీన్ రికార్డు రాస్తున్నాడు.

“మీరిచ్చిన సలహా సరైనదేనా?” అని అడిగాడు అధికారి.

“మీరే చూశారు కదండీ పేపర్లో.”

“సరైనదైతే నేరం మరింత తీవ్రమవుతుంది. తప్పుడు సలహా ఎవరైనా ఇవ్వగలరు. సరైన సలహా ఇవ్వడానికే లైసెన్సు కావాలి.” అధికారి ఫారం తిప్పాడు. “అయితే లబ్ధి పొందినవారు అన్న గడి నింపకుండా అభియోగం నిలవదు. సంచాలకుల వారూ, మీరు లబ్ధి పొందారా?”

“లేదు,” అన్నారు అనంతపద్మరాజు గారు తల ఎత్తి, గర్వంగా. “నేను ఆ సలహా పాటించలేదు.”

“అక్కడ ఇంకెవరున్నారు?”

మొహిద్దీన్ పెన్ను ఆగింది. అతను ఏదో అనబోయి నోరు తెరవగానే కాంతిమతి గారు అందుకున్నారు.

“ఈ అబ్బాయి ఉన్నాడండీ. అరుగు మీద. మా ఇంటి ముందు పొద్దస్తమానం లారీలే. లోపలి మాట బయటికి వినపడదు.”

అధికారి మొహిద్దీన్ వంక చూశాడు. “వినపడిందా?”

“లారీలండీ,” అన్నాడు మొహిద్దీన్.

“రాసుకో. లబ్ధి పొందినవారు ఎవరూ లేరు. హెచ్చరికతో వదిలివేయడమైనది.”

మొహిద్దీన్ గుండ్రటి అక్షరాలతో రాశాడు. అధికారి సంతకం చేసి మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాడు.

కాంతిమతి గారు మెట్లు దిగుతుంటే మొహిద్దీన్ వెనకాలే వచ్చాడు. మిఠాయి కొట్టు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. “మూడొందల షేర్లు ఉండేవండి నా దగ్గర. సారు చెప్పారని నేనూ కొన్నానండి అప్పట్లో. ముప్ఫై ఆరుకి పోయినియ్యి. అమ్మాయి నర్సింగు ఫీజుకి ఇంకొంచెం కలిపి కట్టేశానండి.”

“పోనీలే బాబూ. ఎవరికో ఒకరికి పనికొచ్చింది,” అన్నారు ఆవిడ. ఆ మాట అన్నాక మూడు నెలల్లో మొదటిసారి ఆవిడకు కొంచెం నవ్వొచ్చింది.

పైన కిటికీ తెరుచుకుంది. అనంతపద్మరాజు గారు తల బయటికి పెట్టారు.

“కాంతిమతి గారూ, సాయంత్రం అయిదింటికి ఉంటారు కదా? విచారణ అయ్యేదాకా ఆపిన ఏడో ప్రశ్న.”

“కంపెనీ మూసేశారు కదండీ! ఇంకేం అమ్ముతారు?”

“మూసివేత కంపెనీకి సంబంధించినది. ప్రశ్నావళి మనకు సంబంధించినది. ఇక్కడితో వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది.”

కాంతిమతి గారు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు.

“రండి రాజు గారూ. నిదానంగా రండి. మీకింక తొందరేముంది!”